గవర్నమెంటు టీబీ టెస్టు, ఇంటికొచ్చి చేసే కాంటాక్ట్ ట్రేసింగ్: మా ఇంట్లో జరిగింది చూసి రాస్తున్న రివ్యూ

ప్రైవేట్ ల్యాబులకి, స్కానింగ్ సెంటర్లకి వందల కొద్దీ రివ్యూలు ఉంటాయి, ఏసీ పనిచేస్తుందా పార్కింగ్ ఉందా అనేదాకా రాస్తారు జనం. మండలంలో ఫ్రీగా చేసే టీబీ టెస్టు గురించి, ఆ తర్వాత ఇంటికొచ్చి మిగతావాళ్ళని చెక్ చేసే పని గురించి మాత్రం నేను ఎంత వెతికినా ఒక్కళ్ళు రాసింది కనపళ్ళేదు. రాస్తే మా ఇంట్లో టీబీ ఉందని ఊరంతా తెలిసిపోద్దని భయం, నాకు తెలుసు, మాకూ ఉండింది ఆ భయం. మా నాన్నని అడిగే రాస్తున్నా. "రాయమ్మా, నాలాగా ఇంకొకళ్ళు రెండు నెలలు పోగొట్టుకోకుండా ఉంటారు" అన్నాడు.

మాది పల్నాడు వైపు. నాన్నకి 58 ఏళ్ళు, మిరప వేస్తాడు. 2025 ఫిబ్రవరిలో దగ్గు మొదలైంది. కల్లంలో కాయలు ఆరబోసే టైం కదా, ఘాటుకి దగ్గు రావడం మా ఇళ్ళల్లో మామూలే, ఎవరం పట్టించుకోలేదు. ఊళ్ళో మార్చిలో టీబీ ఎక్స్‌రే క్యాంపు కూడా పెట్టారంట, చేత్తో పట్టుకునే చిన్న మిషన్ తెచ్చి అక్కడికక్కడే తీశారంట, నాన్న కాయలు తూకానికి పోతున్నాయని వెళ్ళలేదు. ఆర్ఎంపీ గారు సిరప్ ఇచ్చారు, తర్వాత ఇంకో సిరప్, తర్వాత ఇంజెక్షన్లు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రిళ్ళు బనీను తడిసిపోయేది, అమ్మ ఫోన్‌లో చెప్తుంటే నేను హైదరాబాద్‌లో కూర్చుని ఎండలు కదా అనుకున్నా. ఏప్రిల్‌లో ఉగాది వెళ్ళినాక ఇంటికొచ్చి చూస్తే షర్ట్ హ్యాంగర్‌కి వేసినట్టుంది మనిషి మీద. టౌన్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, ఎక్స్‌రే, సీటీ, రక్త పరీక్షలు, మందులు అన్నీ కలిపి 14 వేలు దాటింది, "టీబీ కావొచ్చు, ఇంకా టెస్టులు చేయాలి" అన్నారు. కావొచ్చు అనే మాట కోసం 14 వేలు పెట్టామని తర్వాత తెలిసింది, ఎందుకంటే వాళ్ళు ఛాతీని రెండు రకాలుగా ఫొటో తీశారు గానీ కళ్ళె పరీక్ష చేయించలేదు.

కళ్ళె పరీక్ష చేయించింది మా వీధి ఆశా అక్క. మందుల కవర్ చూసి ఆమే ఇంట్లోకొచ్చింది. "బాబాయ్, ఎన్నాళ్ళ నుంచి దగ్గుతున్నావ్? సాయంత్రం జ్వరం వస్తందా? అన్నం సయిస్తందా?" అని మూడు ప్రశ్నలు అడిగింది. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించాల్సిందే అంది. రెండు డబ్బీలు ఇచ్చింది. ఇక్కడ ఒక విషయం వివరంగా రాస్తా, మాకు ఎవరూ చెప్పక మొదటిసారి పాడైంది. పొద్దున్నే లేవగానే, ఏమీ తినకముందు, మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి లోపల్నుంచి దగ్గి తీయాలి. నాన్న మొదటి రోజు ఉమ్మి పట్టి ఇచ్చాడు, ల్యాబ్ వాళ్ళు ఇది పనికిరాదని వెనక్కి పంపారు. ఆ తర్వాతి రోజు ఆశా అక్క పక్కన నిలబడి చేయించింది, చిక్కగా వచ్చింది. అదొక్కటి సరిగ్గా లేకపోతే ఎంత గొప్ప మిషన్ అయినా ఏం చెప్పలేదు.

మిషన్ పేరు ట్రూనాట్. గోవా కంపెనీ మోల్బియో తయారు చేసింది, మన దేశంలోనే పుట్టిన మిషన్, 2020లో డబ్ల్యూహెచ్ఓ కూడా ఒప్పుకుంది. బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అక్కర్లా, అందుకే చిన్న ఆస్పత్రుల్లో కూడా పెట్టగలిగారు. పాతకాలం మైక్రోస్కోప్‌లో క్రిమి కనపడాలంటే ఒక మిల్లీలీటర్ కళ్ళెలో వేల సంఖ్యలో ఉండాలి, ఇది అంతకంటే చాలా తక్కువ ఉన్నా దాని డీఎన్ఏని పట్టేస్తుంది. గంటలో టీబీ ఉందో లేదో చెప్తుంది, ఉంటే ఇంకో గంటలో రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు ఆ క్రిమి మీద పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. ఈ రెండో మాట చాలా ముఖ్యం అండి, మందుకి లొంగని టీబీ అయితే ట్రీట్‌మెంటే వేరు, తెలియకుండా మామూలు మందులు వాడితే నెలలు గడుస్తాయి, మనిషి దక్కడు. కోవిడ్ టైంలో మన రాష్ట్రం టెస్టులు అన్ని చేయగలిగిందంటే దాంట్లో ఈ ట్రూనాట్ మిషన్ల పాత్ర కూడా ఉంది, ఆ మిషన్ల మీదే కోవిడ్ టెస్టులు చేశారు.

అయితే మా శాంపిల్ ఇచ్చిన రోజు మిషన్ ఉంది, చిప్పులు లేవు. ఒక్కో టెస్టుకి ఒక్కో చిప్ కావాలి, అది వాడి పారేసేది. "పైనుంచి రావాలమ్మా, ఇండెంట్ పెట్టాం" అన్నాడు ల్యాబ్ టెక్నీషియన్, ఆయన మొహంలో సిగ్గు కనపడింది, ఆయన తప్పు కాదు అది. నాలుగు రోజులు ఆగాం. ఆ నాలుగు రోజులూ నాన్న అదే ఇంట్లో, అదే గదిలో, పక్కన నా తమ్ముడి కూతురు నాలుగేళ్ళది తాతా అని మీద పడి ఆడుతూ ఉంది. ఐదో రోజు చిప్పులు వచ్చాయి, మధ్యాహ్నం శాంపిల్ పెడితే సాయంత్రానికి ఫోన్ చేశారు. టీబీ ఉంది, మందులకి లొంగే రకమే. నేను ఏడ్చాను, అది వేరే విషయం.

మర్నాడు పీహెచ్‌సీకి వెళ్తే నిక్షయ్ ఐడీ ఇచ్చారు, దేశం మొత్తానికి ఒకటే ఆన్‌లైన్ రిజిస్టర్ అది, ఊరు మారినా మందులు ఆ నంబర్ మీదే ఇస్తారు. షుగర్, హెచ్ఐవీ టెస్టులు కూడా అక్కడే చేశారు, టీబీ వచ్చిన ప్రతి ఒక్కళ్ళకీ చేస్తారంట. నాన్నకి షుగర్ ఉందని అట్టా బయటపడింది, 280 ఉంది, ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలీదు. షుగర్ ఉంటే టీబీ తొందరగా అంటుకుంటుంది, మానడం కూడా ఆలస్యం. బరువు చూశారు, 47 కేజీలు, ఆ బరువుకి రోజుకి మూడు బిళ్ళలు, నాలుగు మందులు కలిపి ఒకే బిళ్ళలో ఉంటాయి, రెండు నెలలు అవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుంది కంగారుపడొద్దు అని ముందే చెప్పారు, చెప్పకపోతే మా అమ్మ ఆ రోజే మందులు మాన్పించేసేది. ఒక్క రూపాయి తీసుకోలేదు ఎక్కడా.

ఇప్పటిదాకా రాసింది టెస్టు గురించి. నేను అసలు రాయాలనుకున్నది ఆ తర్వాత జరిగినదాని గురించి.

మందులు మొదలుపెట్టిన నాలుగో రోజు సాయంత్రం టీబీ సూపర్‌వైజర్ వచ్చింది, ఎస్టీఎస్ అంటారు, ఆశా అక్కతో కలిసి స్కూటీ మీద. వీధి చివరే బండి ఆపి నడిచి వచ్చింది, బీపీ చూసే మిషన్ చేతిలో పట్టుకుని. ఎవరన్నా అడిగితే బీపీ చూడ్డానికొచ్చాం అని చెప్తా, నాకు అలవాటే అంది. ఆ ఒక్క పనికి నేను ఆమెకి జీవితాంతం రుణపడి ఉంటా. కూర్చున్నాక నాన్నని నెమ్మదిగా అడగడం మొదలుపెట్టింది. రాత్రి ఏ గదిలో పడుకుంటారు బాబాయ్, ఎవరు పక్కన, కిటికీ తీస్తారా. పగలు ఎక్కడ కూర్చుంటారు. ఈ మూడు నెలల్లో ఎవరింటికన్నా వెళ్ళి నాలుగు రోజులు ఉన్నారా. కల్లం కాడ రాత్రి కాపలా ఎవరితో పడుకున్నారు. ఈ చివరి ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. కాయలు దొంగలు పట్టుకుపోతారని నాన్న, ఆయన స్నేహితుడు ఇద్దరూ దాదాపు నెల రోజులు కల్లంలో చిన్న రేకుల పాకలో పక్కపక్కనే పడుకున్నారు. ఆ మామయ్యకి కూడా దగ్గు ఉందంట, ఆయన బీడీలు తాగుతాడు కాబట్టి బీడీ దగ్గు అనుకున్నారు.

ఆమె అదే రోజు వాళ్ళింటికి వెళ్ళలేదు, రెండు రోజులాగి ఆ వీధిలో నాలుగిళ్ళకి బీపీ, షుగర్ చూసి వరసలో ఆ ఇంటికీ వెళ్ళింది, నాన్న పేరు ఎత్తకుండా. కళ్ళె డబ్బీ ఇచ్చి వచ్చింది. మామయ్యకి టీబీ పాజిటివ్. ఆయన ఇంట్లో ఇద్దరు మనవళ్ళు, నెలలు నిండిన కోడలు. వైద్యం లేకుండా తిరిగే టీబీ మనిషి ఏడాదిలో దగ్గరగా మెలిగే 10-15 మందికి అంటించొచ్చు అంటారు, ఆ లెక్క అంతకుముందు నాకు పేపర్లో నంబర్, ఇప్పుడు ఆ పిల్లల మొహాలు గుర్తొస్తాయి. ఒక్క ప్రశ్న అండి. రాత్రి కాపలా ఎవరితో పడుకున్నారు అనే ఒక్క ప్రశ్న. ఏ సీటీ స్కాన్ మిషనూ ఆ ప్రశ్న అడగదు, మిరప ఊళ్ళల్లో తిరిగి తిరిగి ఆ జనం ఎట్టా బతుకుతారో తెలిసిన మనిషి మాత్రమే అడుగుతుంది.

మా ఇంట్లో అమ్మకి, తమ్ముడికి, మరదలికి ఎక్స్‌రేలు తీయించారు, నేను సెలవలకి వచ్చి ఉన్నా కాబట్టి నాకూ తీశారు. అందరికీ ఛాతీ క్లియర్. అయినా మందులు వాడాలి అన్నారు, క్రిమి లోపల నిద్రపోతూ ఉండొచ్చు, అది లేవకుండా ముందుగానే వాడే మందు, టీపీటీ అంటారు. పెద్దవాళ్ళకి వారానికోసారి చొప్పున 12 వారాలు, పాపకి రోజూ చిన్న బిళ్ళ ఆరు నెలలు. అమ్మ ఒప్పుకోలేదు. "రోగం లేనోళ్ళకి మందులేంది, ఉన్న ఆరోగ్యం చెడగొట్టడానికా" అంది. తమ్ముడు కూడా అదే మాట. సూపర్‌వైజర్ అమ్మతో వాదించలేదు, పొలానికి తెగులు కనపడ్డాక కొడతావా పిన్నీ, పక్క చేలో కనపడగానే కొడతావా అని అడిగింది. అమ్మ ఆ రోజే వేసుకుంది. ఐదేళ్ళ లోపు పిల్లలకి టీబీ మెదడుకి కూడా పాకొచ్చు, అందుకే వాళ్ళ విషయంలో ఆలస్యం చేయొద్దని చెప్పింది, ఆ మాట విన్నాక మరదలు ఒక్క రోజు కూడా పాపకి బిళ్ళ తప్పించలేదు.

1950ల్లో టీబీ అంటే మదనపల్లె ఆరోగ్యవరం లాంటి శానటోరియంలో, అంటే టీబీ ఆస్పత్రిలో, నెలల తరబడి ఉండటమే. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో సగం మందిని శానటోరియంలో, సగం మందిని ఇంట్లోనే ఉంచి మందులిచ్చి చూస్తే ఇంట్లోవాళ్ళూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు, వాళ్ళ కుటుంబాలకి ప్రత్యేకంగా ఎక్కువేం అంటుకోలేదు. ప్రపంచమంతా ఇంటి వైద్యానికి మారడానికి అది పెద్ద కారణం. అంటే మనిషిని ఇంట్లోనే ఉంచొచ్చు, కాకపోతే ఇంటికి ఎవరో ఒకరు వచ్చి చూస్తూ ఉండాలి. ఆ వచ్చే మనిషే ఈ సర్వీస్ మొత్తానికీ ప్రాణం.

ఇప్పుడు డబ్బుల సంగతి. ఈ కార్యక్రమం నేషనల్ హెల్త్ మిషన్ కింద నడుస్తుంది, ఆంధ్రా, తెలంగాణ లాంటి రాష్ట్రాల్లో ఆ పథకం ఖర్చు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకోవాలి. ఇవి కాక 15వ ఫైనాన్స్ కమిషన్ 2021 నుంచి 2026 దాకా స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫార్సు చేసింది, సబ్‌సెంటర్లు, పీహెచ్‌సీల్లో టెస్టుల సదుపాయాలు పెంచడానికి కూడా అందులో వాటా ఉంది. కాగితం మీద డబ్బు లేదని నేను అనను. కానీ ట్రూనాట్ మిషన్ ఒకసారి కొంటే కనపడుతుంది, రిబ్బన్ కట్ చేయొచ్చు. చిప్పులు ప్రతి నెలా కొనాలి, స్కూటీకి పెట్రోల్ ప్రతి రోజూ పోయాలి, ఆశా అక్కకి రావాల్సిన ఇన్సెంటివ్ టైంకి వేయాలి, వీటికి రిబ్బన్ ఉండదు. మా సూపర్‌వైజర్‌ని ఒకసారి అడిగా, మీకు ఎన్ని ఊళ్ళు అని. నవ్వింది, లెక్క చెప్పలేదు, పెట్రోల్ బిల్లు మూడు నెలలు ఆగి వస్తదమ్మా, ఇంట్లో సర్దుకుంటా అంది. కాంట్రాక్ట్ ఉద్యోగం. ఆమె ఒక్క రోజు బండి తీయకపోతే కల్లంలో మామయ్య లాంటివాళ్ళు ఇంకో నెల బీడీ దగ్గు అనుకుంటూ ఉండిపోతారు.

2020లో చూశాం కదా, కోవిడ్ ఒకరికి వస్తే వాలంటీర్లు, ఏఎన్ఎంలు, పోలీసులు, రెవెన్యూ వాళ్ళు అందరూ ఆ వీధిలో దిగేవాళ్ళు, ఎవరెవరు ఎక్కడెక్కడ తిరిగారో లిస్టులు రాసేవాళ్ళు. మనకి చేతకాదు అని ఎవరూ అనలేరు, చేశాం. టీబీతో మన దేశంలో ఏటా దాదాపు 3 లక్షల మంది పోతున్నారు, ప్రపంచంలో టీబీ వచ్చేవాళ్ళలో నాలుగో వంతు మనవాళ్ళే. దీనికి మాత్రం ఎన్నో ఊళ్ళకి కలిపి ఒక స్కూటీ. 2025కల్లా టీబీ లేకుండా చేస్తామని టార్గెట్ పెట్టుకున్న దేశంలో 2024 మొదట్లో మందులకే కొరత వచ్చి కింది స్థాయిలో కొనుక్కోమని రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. ఇది తిట్టడానికి రాయట్లేదు, నాన్న బతికింది ఈ సర్వీస్ వల్లే, అందుకే ఇంకా కోపం వస్తుంది.

తిండి డబ్బుల గురించి కూడా. నిక్షయ్ పోషణ్ యోజన అని 2018లో నెలకి 500తో మొదలైంది, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. మాకు మొదటి విడత రావాల్సిన టైంకి రాలేదు, నాన్న బ్యాంక్ ఖాతాకి ఆధార్ లింక్ సరిగ్గా లేదని తర్వాత తెలిసింది, బ్యాంక్ చుట్టూ మూడుసార్లు తిరిగాక ఆగస్టులో పడ్డాయి. మందులు మొదలుపెట్టిన కొత్తలో ఆకలి వచ్చినప్పుడే గుడ్లు, పప్పు, పాలు కావాలి, నాలుగు నెలల తర్వాత పడితే ఆ ముఖ్యమైన టైం దాటిపోయినట్టే. ఇది చిన్న విషయం కాదు, జార్ఖండ్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2023లో బయటికొచ్చింది, టీబీ ఉన్న ఇంట్లో మిగతావాళ్ళకి అదనంగా రేషన్ ఇస్తే వాళ్ళకి కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. బియ్యం, పప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చారు అంతే. మామయ్య ఇంట్లో ఆ మనవళ్ళకి అట్టాంటి రేషన్ ఎవరూ ఇవ్వలేదు, మేము ఇంట్లో కందులు ఉంటే పంపాం.

స్టార్లు ఇవ్వాలంటే టెస్టుకి 5కి 3, చిప్పులు లేని నాలుగు రోజులకి రెండు కట్. మందులకి 5. ఇంటికొచ్చి చేసిన కాంటాక్ట్ ట్రేసింగ్‌కి 5, ఆ మనిషికి. ఆమెకి ఇచ్చే సపోర్టుకి 1.

నాన్నకి రెండు నెలలకి మళ్ళీ కళ్ళె పరీక్ష చేశారు, నెగటివ్. అక్టోబర్‌లో కోర్సు అయిపోయింది, బరువు 55కి వచ్చింది. షుగర్ బిళ్ళ వేసుకుంటున్నాడు. మామయ్యది తర్వాతి నెలలో అయిపోయింది, వాళ్ళ కోడలికి మగపిల్లాడు పుట్టాడు, పిల్లాడు బాగున్నాడు. పాప బిళ్ళలు కూడా అయిపోయాయి, ఖాళీ అట్టలు అన్నీ దాచుకుని తాతకి టికెట్లు కొడుతుంది బస్ కండక్టర్ లాగా.

మీ ఇంట్లో ఎవరికన్నా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ఛాతీ ఫొటోతో ఆగొద్దు, కళ్ళె పరీక్ష చేయించమని మీరే అడగండి. డబ్బీ ఆశా అక్క దగ్గర గానీ సబ్‌సెంటర్‌లో గానీ ఉంటుంది. చిప్పులు లేవంటే పక్క సెంటర్‌లో ఉన్నాయేమో కనుక్కుని శాంపిల్ అక్కడికి పంపమనండి, మాకు ఆ మాట అడగొచ్చని తెలియక నాలుగు రోజులు కూర్చున్నాం. 1800 11 6666 టీబీ హెల్ప్‌లైన్, ఫ్రీ. బ్యాంక్ ఖాతాకి ఆధార్ లింక్ మొదటి వారంలోనే చూసుకోండి. ఇంటికొచ్చినావిడ ఏ గదిలో ఎవరెవరు పడుకున్నారు, ఎక్కడ కూర్చున్నారు అని అడిగితే విసుక్కోకుండా కల్లం కాడ సంగతి కూడా చెప్పండి.